బ్రతికియున్న పక్షిని చదివిన పండితుడు - సలీం అలీ

నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతాలలో చిలుకను ఎరుగని వారు లేరు. కుందేటి ఒడ్డున, కె.సి. కాలువ వెంబడి జొన్న కంకి పాలు పోసుకొనే దినాలలో గుంపులు గుంపులుగా వచ్చి వాలే రామచిలుకను రైతు కేకలు వేసి తోలుతాడు, పసివాడు ముచ్చటపడి చూస్తాడు, కవి వర్ణిస్తాడు. ఉర్దూ మాట్లాడే ఇండ్లలో అది తోతా, ముద్దుగా పిలిచినప్పుడు మిఠూ. మన కావ్యాలలో అది శుకము, కీరము. పేర్లు ఇన్ని ఉన్నను, ఆ పక్షి మాటిమాటికి మెడ వెనుకకు త్రిప్పి ముక్కుతో తోక మొదటిని ఎందుకు తాకుతున్నదని అడిగిన వారు మాత్రం అరుదు.

అక్కడ ఒక చిన్న గ్రంథి కలదు. జంతుశాస్త్రంలో దానిని తైలగ్రంథి అంటారు. పక్షి తన ఈకలకు పూసుకొనే నూనె ఇందులోనే తయారవుతుంది. పక్షి చర్మాన్ని ప్రదర్శనశాల కొరకు భద్రపరచేవాడు తప్పక కోసి పారవేసే అవయవం ఇది. బ్రతికియున్న పక్షికి దినదినమూ అక్కరకు వచ్చే అవయవమూ ఇదే. చచ్చిన పక్షి నుండి బ్రతికియున్న పక్షి వద్దకు భారతదేశపు పక్షిశాస్త్రాన్ని నడిపించిన మహనీయుడు డాక్టర్ సలీం అలీ. ఆయన పరిశోధన ఈ గ్రంథిని గురించి జరిగినది కాకపోయినను, ఆయన నడిచిన దారి ఎట్టిదో తెలుసుకొనుటకు ఈ చిన్న అవయవం చక్కని ఉదాహరణ అని భావించి, ఆయన జీవితాన్ని, దీని వృత్తాంతాన్ని కలిపి విద్యార్థుల ముందు ఉంచుతున్నాము.

సలీం మొయిజుద్దీన్ అబ్దుల్ అలీ 1896 నవంబరు 12న బొంబాయిలో ఒక సులేమానీ బోహ్రా కుటుంబంలో జన్మించారు. తోబుట్టువులందరిలో ఆయనే కడపటివారు. ఏడాది వయసులో తండ్రిని, మూడేండ్ల వయసులో తల్లిని కోల్పోయారు. మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ, ఆయన భార్య హమీదా బేగం ఖేత్వాడీలోని తమ ఇంట ఆ బిడ్డలను పెంచారు. సంతానం లేని ఆ దంపతుల ఆదరణలో తల్లిదండ్రులు లేని కొరత కొంత తీరినది. మేనమామకు వేటపై మక్కువ మెండు. బాలుడైన సలీంకు కూడ ఎయిర్‌గన్‌తో పిచ్చుకలను కొట్టుట వినోదంగా ఉండేది.

ఒకనాడు ఆయన కొట్టిన పిచ్చుక గొంతుపై పసుపుపచ్చని మచ్చ కనిపించినది. ఇంటి చూరులో గూడు కట్టుకొనే పిచ్చుకకు అట్టి మచ్చ ఉండదు. అది ఏ పక్షియో మేనమామకు కూడ తెలియలేదు. ఆయన తాను సభ్యుడుగా ఉన్న బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘానికి మేనల్లుని పంపినారు. 1883లో ఏర్పడిన ఆ సంఘానికి అప్పటి గౌరవ కార్యదర్శి డబ్ల్యూ. ఎస్. మిల్లర్డ్ అనే ఆంగ్లేయుడు. చేతిలో చచ్చిన పిచ్చుకతో బెదురుతూ నిలబడిన బాలుని ఆయన ఆదరంతో లోనికి పిలిచి, అది పసుపుగొంతు పిచ్చుక అని తెలిపినారు. సొరుగులు ఒక్కొక్కటిగా తెరచి అందులో వరుసగా పేర్చియున్న పక్షులను చూపినారు. చదువుకొనుటకు పుస్తకాలు ఇచ్చినారు. పక్షి చర్మాన్ని ఒలిచి భద్రపరచే విద్యను నేర్పించుటకు ముందుకు వచ్చినారు. ఇది 1908 నాటి మాట. ఒక్క ప్రశ్నను ఒక పెద్దమనిషి చులకన చేయక ఆదరించుట వలన ఒక జీవితపు దిశ మారినది.

చర్మం ఒలుచుట సులభమైన పని కాదు. ఈకలు చెదరకుండా, చర్మం చిరగకుండా లోపలి కండను, కొవ్వును తీసివేయాలి. పురుగు పట్టకుండా లోపల పాషాణపు మందు పూయాలి. పిదప దూది కూరి కుట్టాలి. ఇందులో తోక మొదలు మిక్కిలి చిక్కైన చోటు. అక్కడి తైలగ్రంథిని పూర్తిగా తీసివేయకపోతే దానిలోని నూనె క్రమంగా ఊరి చర్మాన్ని, ఈకలను చెరుపుతుంది. కోడిని కోసే ఇండ్లలో కూడ తోక దగ్గరి కొవ్వుగడ్డను తీసి పారవేయుట మనము చూచుచున్నదే.

ఆ గడ్డ నిర్మాణాన్ని గమనింతము. తోక ఈకలను మోసే చివరి ఎముక మీద, చర్మానికి కండరాలకు నడుమ అది అమరి ఉంటుంది. సాధారణంగా అందులో రెండు తమ్మెలు ఉంటాయి. ఒక్కొక్క తమ్మె నిండా సన్నని నాళికలు ఉంటాయి. నాళికల గోడలలో పుట్టిన కణాలు నూనెతో నిండి, చివరకు తామే పగిలి స్రావంగా మారిపోతాయి. ఒకవిధంగా చెప్పాలంటే ఆ కణం తన ప్రాణాన్నే నూనెగా కరిగించి ఇస్తున్నది. ఈ స్రావం చర్మంపైకి పొడుచుకొని వచ్చిన ఒక చిన్న బుడిపె గుండా బయటికి వస్తుంది. మన రామచిలుకలో ఆ బుడిపె కొనన చిట్టి ఈకల కుచ్చు ఉంటుంది. ప్రమిదలోని నూనెను ఒత్తి పీల్చినట్లు ఆ కుచ్చు నూనెను పీల్చి పట్టి ఉంచుతుంది.

ఇక సలీం అలీ చదువు విషయానికి వద్దాము. ఆయన తరగతిలో ముందుండిన విద్యార్థి కారు. తలనొప్పి బాధ వలన చదువు మధ్యలో ఆగి కొంతకాలం సింధు ప్రాంతంలో బంధువుల వద్ద ఉండవలసి వచ్చినది. 1913లో బొంబాయి విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషన్ కష్టం మీద గట్టెక్కినారు. సెయింట్ జేవియర్ కళాశాలలో చేరినను గణితం మింగుడుపడక మొదటి సంవత్సరంలోనే వదలిపెట్టి, బర్మాలోని తవాయ్‌లో కుటుంబం వారి ఖనిజాల, కలప వ్యాపారానికి వెళ్ళినారు. అక్కడి అడవులు ఆయనకు వ్యాపారం కంటె పక్షులనే ఎక్కువగా నేర్పినవి. 1917లో తిరిగి వచ్చి దావర్ కళాశాలలో వాణిజ్యన్యాయం, గణకశాస్త్రం చదువుతూనే, ఫాదర్ బ్లాటర్ ప్రోత్సాహంతో సెయింట్ జేవియర్‌లో జంతుశాస్త్ర పాఠాలు విన్నారు. 1918లో తహ్మీనాతో వివాహం జరిగినది.

విశ్వవిద్యాలయ పట్టా లేకపోవుట ఆయనకు పెద్ద అడ్డంకి అయినది. భారత జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థలో పక్షిశాస్త్రజ్ఞుని ఉద్యోగం ఆ కారణం చేతనే దక్కలేదు. 1926లో బొంబాయి ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియంలో సందర్శకులకు వివరించి చెప్పే గైడ్ లెక్చరర్‌గా నెలకు 350 రూపాయల జీతంపై చేరినారు. నేర్చినది చాలదని ఆయనకే అనిపించినది. 1928లో సెలవు పెట్టి జర్మనీకి వెళ్ళి, బెర్లిన్ జంతు ప్రదర్శనశాలలో ప్రొఫెసర్ ఎర్విన్ ష్ట్రెసెమాన్ వద్ద శిష్యరికం చేశారు. బర్మా నుండి సేకరించిన పక్షి నమూనాలను అక్కడ పరిశీలించినారు. హెలిగోలాండ్ ద్వీపంలో బ్రతికియున్న పక్షుల కాళ్ళకు గుర్తు కడియాలు తొడిగి, వాటి రాకపోకలను కనిపెట్టే పద్ధతిని చూచినారు. పక్షిని చంపకుండ పక్షిని గురించి తెలుసుకొనే మార్గం ఇది.

1930లో స్వదేశానికి వచ్చేసరికి మ్యూజియంలో డబ్బు లేదని ఆయన ఉద్యోగాన్నే తీసివేసినారు. ఉద్యోగం లేదు. పట్టా లేదు. భార్యతో కలిసి బొంబాయి ఎదుట సముద్రతీరాన ఉన్న కిహీం గ్రామానికి కాపురం మార్చినారు. ఆ ఇంటి దగ్గర గిజిగాళ్ళ గూళ్ళు వ్రేలాడుచుండెను. వేరొకరైతే విధిని నిందించుకొనే ఆ రోజులలో ఆయన నెలల తరబడి ఆ గూళ్ళను చూస్తూ కూర్చున్నారు. మగపక్షి గూటిని సగం వరకు అల్లుతుంది. ఆడపక్షి వచ్చి పరీక్షిస్తుంది. దానికి నచ్చితేనే కాపురం కుదురుతుంది. అప్పుడు మగపక్షి గూటిని పూర్తిచేసి, మరొక జతకై మరొక గూడు మొదలుపెడుతుంది. ఈ సత్యాన్ని ఆయన 1931లో ప్రకటించినారు. ప్రదర్శనశాల సొరుగులో వందల గిజిగాళ్ళ చర్మాలు ఉన్నను ఈ సంగతిని చెప్పగలిగినది ఒక్కటి కూడ లేదు.

తైలగ్రంథి విషయంలోనూ ఇదే న్యాయం వర్తిస్తుంది. కోసిన గ్రంథి తన నిర్మాణాన్ని చూపగలదే గాని, తన ప్రయోజనాన్ని తెలుపలేదు. వేపచెట్టు కొమ్మ మీది రామచిలుకను అరగంట సేపు చూచినచో అది తెలుస్తుంది. చిలుక మెడను వెనుకకు వంచి, ముక్కును, తలను తోక మొదట రుద్దుకొని, పిదప ఒక్కొక్క ఈకను ముక్కున పట్టి మొదటి నుండి కొన వరకు దువ్వుతుంది. ఆ నూనెలో ప్రధానంగా మైనం వంటి పదార్థాలు, కొవ్వు ఆమ్లాలు ఉంటాయి. అవి ఈకలు ఎండి విరిగిపోకుండా మృదువుగా ఉంచుతాయి. ఈకల అల్లిక చెడకుండా ఉండుట వలన నీరు లోపలికి దిగదు. ఈకలను తినే సూక్ష్మజీవులలో కొన్నింటిని కూడ ఈ నూనె అడ్డగిస్తుంది.

దివ్య ఖురాన్‌లో సులైమాన్ ప్రవక్త వృత్తాంతంలో వచ్చే హుద్‌హుద్‌ను, అనగా మన కూకుడుగువ్వను, ఇక్కడ జ్ఞాపకం చేసికొనవచ్చును. పొదిగే కాలంలో దాని ఆడపక్షి తైలగ్రంథి నుండి దుర్గంధంతో కూడిన గోధుమరంగు స్రావం వస్తుంది. అందులో మేలుచేసే సూక్ష్మజీవులు నివసిస్తాయి. తల్లి ఆ స్రావాన్ని గ్రుడ్లకు పూసి వాటిని చెడిపోకుండా కాపాడుకొంటుంది. మనకు ముక్కు మూసుకొనదగినదిగా తోచే వాసన ఆ పిల్లల పాలిటి రక్ష.

కిహీంలో పక్షి జీవనాన్ని చూచుట అలవరచుకొన్న సలీం అలీ ఆ దృష్టితోనే తెలుగు దేశానికి వచ్చినారు. అంతకు ముందు 1929, 1931 సంవత్సరాల మధ్య, అప్పటి మద్రాసు రాజధానికి చెందిన తూర్పు కనుమలలో వెర్నే సర్వే జరిగినది. మన నల్లమల కూడ అందులో చేరినది. అప్పుడు సేకరించిన పక్షి చర్మాలను ఇంగ్లండులో హ్యూ విస్లర్, కిన్నియర్ అనే పండితులు పరిశీలించి వ్యాసాలు వ్రాసినారు. దాని వెనువెంటనే, 1931-32లో, నిజాం రాజ్యపు పక్షులను సర్వే చేసే పనిని సలీం అలీ స్వీకరించినారు. తనకు జీతం అక్కరలేదనీ, శిబిరపు ఖర్చులు భరించిన చాలుననీ ఆయన పెట్టిన షరతు. ఎడ్లబండ్లు, గుడారాలు, అడవి దారుల మధ్య తహ్మీనా ఆయన వెంట ఉండి శిబిర జీవితపు కష్టాలను పంచుకొన్నారు. చర్మాల వివరాలపై విస్లర్ సూచనలు చేర్చగా, ఏ పక్షి ఏమి తింటున్నది, ఎక్కడ గూడు కట్టుచున్నది, ఏ చెట్టును ఆశ్రయించుచున్నది అనే సంగతులను సలీం అలీ స్వయంగా చూచి వ్రాసినారు. నమూనాల కొరకు తుపాకిని ఆయన పూర్తిగా విడిచినవారు కారు. అయితే తుపాకి ఆగిన చోట పని ముగిసినదని ఎన్నడూ అనుకోలేదు.

తరువాత తిరువాన్కూరు, కొచ్చిన్ మొదలైన సంస్థానాలలోనూ ఇట్టి సర్వేలు సాగినవి. 1939లో ఒక చిన్న శస్త్రచికిత్స అనంతరం తహ్మీనా మరణించారు. ఆ దుఃఖం ఆయనను జీవితాంతం విడువలేదు. ఆయన మరల వివాహం చేసికొనలేదు. మిగిలిన జీవితమంతా పక్షులకే అంకితమైనది. 1941లో భారతీయ పక్షులను గురించిన ఆయన సచిత్ర గ్రంథం వెలువడి సామాన్య పాఠకులకు సైతం పక్షులను పరిచయం చేసినది. అమెరికా శాస్త్రజ్ఞుడు డిల్లన్ రిప్లీతో కలిసి వ్రాసిన పది సంపుటాల మహాగ్రంథం 1968, 1974 సంవత్సరాల మధ్య వెలువడినది. 1958లో పద్మభూషణ్, 1976లో పద్మవిభూషణ్ బిరుదులు లభించినవి. ఏ పట్టా లేదని ఉద్యోగం దక్కని ఆ వ్యక్తికి 1958లో అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం, 1973లో ఢిల్లీ విశ్వవిద్యాలయం, 1978లో మన ఆంధ్ర విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్లు ఇచ్చినవి. 1985లో ఆయన రాజ్యసభకు నియమితులైనారు.

ఇప్పుడు తైలగ్రంథి పుట్టుకను, పరిణామాన్ని గురించి కొంత చెప్పవలసియున్నది. కోడి గ్రుడ్డులో పొదుగు ప్రారంభమైన తొమ్మిది, పది దినాల ప్రాంతంలో పిండపు పైపొర తోక మొదట రెండు చోట్ల దళసరియై లోనికి దిగి ఈ గ్రంథికి అంకురమవుతుంది. పెద్దవైన పిదప ఈ గ్రంథి లేని పక్షులలో కూడ పిండదశలో దాని జాడ కనిపిస్తుందని పరిశోధకులు తెలిపినారు. జర్మనీలోని మెస్సెల్ అనే చోట సుమారు 4 కోట్ల 80 లక్షల సంవత్సరాల నాటి పక్షి శిలాజంలో ఈ గ్రంథి, దాని కొవ్వు పదార్థాల ఆనవాళ్ళతో సహా నిలిచియున్నదని 2017లో ప్రకటించినారు. కనుక ఇది పక్షిజాతికి పూర్వికుల నుండి వచ్చిన ఆస్తి. కాలక్రమంలో కొన్ని వంశాలు వేరు వేరుగా దీనిని పోగొట్టుకొన్నవి.

చిలుకలే ఇందుకు నిదర్శనం. మన రామచిలుకకు ఈ గ్రంథి ఉన్నది. దక్షిణ అమెరికాలోని అమెజాన్ చిలుకలకు లేదు. నీలిరంగు పెద్ద మకావ్‌కు కూడ లేదు. అట్టి చిలుకలు తమ శరీరంపై కొన్ని ప్రత్యేకమైన నూగు ఈకల కొనలు నలిగి రాలే సన్నని పొడితో ఈకలను శుభ్రపరచుకొంటాయి. కాకటూ చిలుకలకు గ్రంథియూ ఉన్నది, పొడియూ ఉన్నది. కనుక ఒకటి పోయినందువలననే రెండవది వచ్చినదని తొందరపడి తీర్మానింపరాదు. ప్రకృతి ఒకే అవసరాన్ని పలు మార్గాలలో తీర్చగలదని మాత్రం చెప్పవచ్చును.

తైలగ్రంథి లేని పక్షి ఒకటి మన జిల్లాకే పేరు తెచ్చినది. అది బట్టమేక పక్షి. నందికొట్కూరు సమీపంలోని రోళ్ళపాడు పచ్చిక బీళ్ళు దాని నివాసం. ఆ ప్రాంతం అప్పుడు కర్నూలు జిల్లాలోనిది, ఇప్పుడు నంద్యాల జిల్లాలోనిది. బట్టమేక మెట్టభూముల పక్షి. నూనెకు బదులు పొడి ఈకలతో, మట్టిస్నానంతో అది తన ఈకలను కాపాడుకొంటుంది. ఎండిన నేలపై జీవించుటకు సర్వవిధాల సిద్ధపడిన ఆ పక్షిని జాతీయ పక్షిగా ప్రకటించవలెనని సలీం అలీ కోరినారు. ఆ గౌరవం నెమలికి దక్కినది. 1980 దశకంలో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘపు శాస్త్రజ్ఞులు రోళ్ళపాడులో ఉండి బట్టమేక జీవనాన్ని అధ్యయనం చేశారు. 1988లో ఆ బీళ్ళు అభయారణ్యమైనవి. విస్తీర్ణం 614 హెక్టార్లు.

ఆయన చివరి దినాలలో మన సీమ నుండి ఒక శుభవార్త వెళ్ళినది. 1900 తరువాత ఎవరికీ కనిపించక, అంతరించినదని భావింపబడిన కలివికోడి 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె సమీపాన తిరిగి దొరికినది. సంఘానికి చెందిన భరత్ భూషణ్ అనే శాస్త్రజ్ఞుడు వెదకగా, చిట్టడవుల జాడలు తెలిసిన ఐతన్న అనే గ్రామీణుడు దానిని పట్టి తెచ్చినాడు. శాస్త్రానికి ఎనభై ఆరేండ్లు అందని పక్షి ఒక పల్లెవాసి చూపుకు అందినది. మరుసటి సంవత్సరం, 1987లో, సలీం అలీ తొంభై ఏండ్ల వయసులో బొంబాయిలో పరమపదించారు.

ఆయన గతించి ఇన్నేండ్లైనది. ఈలోగా రోళ్ళపాడులో బట్టమేక కనిపించుటే గగనమైనది. పచ్చిక బీళ్ళు సాగుభూములైనవి. విద్యుత్ తీగలకు తగిలి ఈ జాతి పక్షులు దేశంలో పలుచోట్ల మరణించుచున్నవి. దేశం మొత్తం మీద ఇవి సుమారు 150 మాత్రమే మిగిలి ఉండవచ్చునని అంచనా. కోట్ల ఏండ్ల పరిణామం ఆ పక్షికి నూనె లేకుండ బ్రతుకుట నేర్పినది గాని, నేల లేకుండ బ్రతుకుట నేర్పలేదు. దాని చర్మాలు ప్రదర్శనశాలలలో పదిలంగా ఉన్నవి. అవి మట్టిలో స్నానం చేయలేవు.

రామచిలుక ఇంకను మన ముందే ఉన్నది. ప్రశ్న అడుగుటకు సంకోచింపవద్దని, పట్టా చేతికి వచ్చువరకు ఆగవద్దని విద్యార్థులకు మా మనవి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దానిని పట్టుట, పంజరంలో బంధించుట నేరం. చూచుటకు ఏ అడ్డమూ లేదు. కళాశాల పాలకవర్గం వారికి కూడ ఒక విన్నపం. మన జంతుశాస్త్ర శాఖకు ఒక దుర్భిణిని, ఆవరణలోని చెట్లపై వాలే పక్షుల పేర్లు, అవి కనిపించిన తేదీలు, వాటి నడవడి వ్రాసి ఉంచుటకు ఒక దళసరి నోటుపుస్తకాన్ని సమకూర్చవలసినదిగా కోరుతున్నాము. దాని మొదటి పుటలో ఏ విద్యార్థి పేరు ఉంటుందో మేము ఎదురుచూస్తున్నాము.